డాక్టరు ఎడ్వర్డు లారీ

పటాన్‌చెరువునకు సమీపమున సుల్తాన్‌పూరు అను గ్రామము గలదు. 2017వ సంవత్సరమున అచ్చట వైద్యపరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగెను. గుండెయొక్క రక్తనాళములను తెరచి నిలుపు స్టెంట్లు మొదలగు మిక్కిలి సున్నితమైన వస్తువులు నేడు ఆ పొలిమేరలలో తయారగుచున్నవి. ఈ సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. అయితే ఈ ప్రాంతము వైద్యశాస్త్రమునకు చేసిన యుపకారము ఈ కర్మాగారములతో మొదలయినది కాదు. ఇచ్చటినుండి నలువది కిలోమీటర్ల లోపున, హైదరాబాదు నగరమున మూసీనది చెంత నుండిన అఫ్జల్‌గంజు ఆసుపత్రి ప్రధానవైద్యుడొకడు 1888లో ఒక ప్రశ్నకు జవాబు వెదకింప నారంభించెను. ఆ జవాబును గూర్చి లండను, ఎడింబరో, కేంబ్రిడ్జి నగరముల పండితులు ఇరువది యేండ్లకు పైగా వాదించుచునే యుండిరి.

ఆ వైద్యుని పేరు ఎడ్వర్డు లారీ. ఈ పేరు వినగానే మన బాలురకు రహదారిపై బారులు తీరి పోవు సరకుల బండ్లు జ్ఞప్తికి వచ్చుట సహజమే. వాటికిని ఈయనకును ఏ సంబంధమును లేదు. ఈయన ప్రశ్న చిన్నదే. నిద్రపుచ్చుటకై పీల్పించిన మందు రోగిని చంపినచో, ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా? చిన్న ప్రశ్నయే గాని, దీనికి చెప్పు జవాబును బట్టి ఆసుపత్రి బల్లమీద పండుకొన్న రోగి బ్రతుకుటయో చచ్చుటయో నిర్ణయమగుచుండెను. మందు నిచ్చు వైద్యుడు తన కన్ను రోగి రొమ్ముపై నుంచవలెనా, తన వ్రేలు నాడిపై నుంచవలెనా అనునది ఆ జవాబుపై నాధారపడి యుండెను.

లారీ 1846వ సంవత్సరమున జన్మించెను. పీల్చు మత్తుమందుల చరిత్రకు ఆ యేడు ముఖ్యమైనది. ఆ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాదేశపు బోస్టను నగరమున మార్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని ఒక రోగిచే పీల్పించి, అతడు స్పృహ లేకుండగా శస్త్రచికిత్స జరిపించి చూపెను. ఆ యేడే హైదరాబాదులో నిజాము నాసిరుద్దౌలా పాలనమున వైద్యపాఠశాల స్థాపింపబడెను. ఆ పాఠశాలకే లారీ తరువాత ప్రధానాచార్యుడయ్యెను.

అంతకు పూర్వము శస్త్రచికిత్స యెట్లుండెడిదో నేటి పిల్లలు ఊహింపలేరు. రోగిని నలుగురు బలవంతులు పట్టుకొనెడివారు. ఎవ్వడు త్వరగా కోయునో వాడే గొప్ప శస్త్రవైద్యుడు. కాలు తీయుట కొన్ని నిమిషముల పని. కడుపు తెరచుట, రొమ్ము తెరచుట అనునవి తలపెట్టరాని పనులు. కత్తికంటె ముందుగా భయమే సగము ప్రాణము తీసెడిది. ఈథరు ఈ దుఃస్థితిని మార్చెను. మరుసటి సంవత్సరము, 1847 నవంబరు 4వ తేదీ రాత్రి, ఎడింబరో నగరమున ప్రసూతివైద్యుడగు జేమ్సు సింప్సన్ తన మిత్రులతో గూడి క్లోరోఫారమును పీల్చి చూచెను. ఆ ముగ్గురును బల్లక్రింద పడిపోయిరట. ఇది ఈథరుకంటె తియ్యని వాసన గలది, త్వరగా పనిచేయునది, కొద్ది చుక్కలు చాలును. కొన్ని వారములలోనే బ్రిటనులో ఈథరు వెనుకబడి క్లోరోఫారము ముందునకు వచ్చెను.

కాని మూడు నెలలు తిరుగకముందే అపాయము బయటపడెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిల్ పట్టణమునకు సమీపమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము నిచ్చిరి. గోరు తీయుట ముగియకముందే ఆ పిల్ల చనిపోయెను. ప్రాణాపాయము లేని చిన్న వ్యాధి. బ్రతుకవలసిన పిల్ల. ఆమె గుండె ఆగినదని లండనులోని జాన్ స్నో అను వైద్యుడు చెప్పెను. సేదదీర్చుటకై ఆమె నోట పోసిన నీళ్లును బ్రాందియును ఊపిరి కడ్డుపడినవని సింప్సన్ చెప్పెను. ఇట్లు వైద్యలోకము రెండుగా చీలెను. లండనువారు నాడిని పట్టుకొని చూచుచుండిరి. ఎడింబరోవారు ఊపిరిని చూచుచుండిరి.

లారీ వైద్యవిద్య నేర్చినది ఎడింబరోలోనే. అచ్చట జేమ్సు సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని యొద్ద ఆయన సహాయకుడుగా పనిచేసెను. క్రిమినాశక శస్త్రచికిత్సను కనిపెట్టిన లిస్టరునకు ఈ సైమ్ మామగారు. క్లోరోఫారము నిచ్చుటలో సైమ్ పద్ధతి మిక్కిలి సులభమైనది. మడచిన బట్టపై మందు పోసి, గాలి చక్కగా తగులునట్లు ముఖమునకు కొంచెము దూరముగా పట్టుకొని, రోగి పూర్తిగా తెలివి తప్పువరకు ఆగకుండ నీయవలెను. కన్ను ఊపిరిని విడువరాదు. నాడి జోలికి పోరాదు. యౌవనమున గురువు చేతినుండి అందుకొన్న ఈ పద్ధతిని లారీ జీవితాంతము విడిచిపెట్టలేదు. ఆయన గొప్పతనమునకును, ఆయన పొరపాటునకును మూలము ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

1872లో ఆయన భారతదేశపు వైద్యసేవలో ప్రవేశించెను. లాహోరు వైద్యకళాశాలలో కొంతకాలము శస్త్రశాస్త్రాచార్యుడుగా నుండి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నియమింపబడెను. అఫ్జల్‌గంజు ఆసుపత్రియును, వైద్యపాఠశాలయును ఆయన చేతిక్రిందకు వచ్చెను. అప్పటివరకు పాఠములు ఉర్దూభాషలో జరుగుచుండెను. లారీ కాలమున వాటిని ఇంగ్లీషులో చెప్పసాగిరి. అంతకంటె గొప్పపని మరియొకటి యాయన చేసెను. స్త్రీలను ఆ పాఠశాలలో చేర్చుకొనెను. బ్రిటనులోనే స్త్రీలు వైద్యవిద్యకై పోరాడుచుండిన రోజులవి. హైదరాబాదులో పరదాలోని స్త్రీలు మగవైద్యునికి చేయి చూపుటకైన ఇష్టపడక, రోగముతో ఇంటనే కృశించుచుండిరి. వారికి ఆడవైద్యులు కావలెనని లారీ గ్రహించెను.

అట్లు చేరినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి యొకతె. 1885లో చేరి, 1889లో ఆమె ఉత్తీర్ణురాలయ్యెను. ఆమెకు అబ్బిన విద్య క్లోరోఫారము నిచ్చుట. రోగి తలవైపున నిలిచి, బట్ట చేతబట్టి, ఊపిరి నొక్కొక్కటిగా గమనించు పని. కత్తి పట్టువానికి వచ్చు పేరు ఈ పనిలో రాదు. ఏమియు జరుగకుండ చూచుటయే ఈ పనిలో ఘనకార్యము. ప్రపంచమున మత్తువైద్యమును వృత్తిగా చేపట్టిన మొదటి స్త్రీ ఈమెయే యని పలువురు చరిత్రకారులు వ్రాసియున్నారు. 1909లో ఆమె ఎడింబరోకు పోయి, భౌతిక రసాయనశాస్త్రములను అభ్యసించి తిరిగివచ్చెను. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా నుండి ఉద్యోగవిరమణ పొందెను. గురువు ఎడింబరోనుండి హైదరాబాదునకు తెచ్చిన విద్యతో, శిష్యురాలు హైదరాబాదునుండి ఎడింబరోకు పోయెను.

ఇక లారీ ప్రశ్నను గూర్చి చెప్పెదను. తాను వేలకొలది రోగులకు సైమ్ పద్ధతిని క్లోరోఫారము నిచ్చితిననియు, మరణములు కలుగలేదనియు లారీ వాదించుచుండెను. అయినను ఇంగ్లండులో రోగులు బల్లమీద చనిపోవుచునే యుండిరి. వారు నాడిని చూచుచుండుటవలన ఊపిరి ఆగుటను గమనింపకున్నారని లారీ నమ్మకము. నమ్మకము చాలదు, ఋజువు కావలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము ఇందుకు ధనసహాయము చేసెను. 1888లో హెహిర్, కెల్లీ, షామరెట్ అను వైద్యులతో మొదటి క్లోరోఫారము సంఘము ఏర్పడెను. వందకు పైగా కుక్కలకు క్లోరోఫారము నిచ్చి చంపి చూచిరి. ప్రతి కుక్కలోను ఊపిరియే ముందు ఆగినది. తరువాతనే గుండె ఆగినది. ఈ మూగజీవముల సంగతి తలచినపుడు మనసు నొచ్చుకొనక మానదు. ఆ కాలమున మందులకు వేరు పరీక్ష లేకుండెను. పరీక్షింపకున్నచో ఆ పరీక్ష మనుష్యులమీదనే జరుగుచుండెను.

1889లో వైద్యపాఠశాల బహుమతిప్రదానోత్సవమునకు విక్టోరియారాణి కుమారుడగు కన్నాట్ ప్రభువు సతీసమేతముగా విచ్చేసెను. ఆ సభలో లారీ తన ఫలితములను ప్రకటించెను. లండనునందలి లాన్సెట్ అను సుప్రసిద్ధ వైద్యపత్రిక ఆ ప్రసంగమును ప్రచురించి, ప్రక్కనే తన సందేహమును వ్రాసెను. కుక్కలమాట యెట్లున్నను, మనుష్యులు గుండె ఆగి చచ్చుటను ఇంగ్లండు వైద్యులు కన్నులార చూచియున్నారనునదియే దాని సారము. సామాన్యుడైనచో ఇంతటితో చిన్నబోయెడివాడు. లారీ ఊరకుండలేదు. ఆయన నిజాము ప్రభుత్వమును ఆశ్రయించెను. అప్పటి ప్రధానమంత్రి సర్ ఆస్మాన్‌జా. ప్రభుత్వము లాన్సెట్ పత్రికకు 1000 పౌనులు పంపి, మీకు నమ్మకమైన పండితుని ఒకనిని పంపుడు, ఆయన యెదుటనే మరల పరీక్షించెదము అని కబురంపెను. విమర్శించినవారినే సాక్షులుగా పిలుచుట ఎంత ధైర్యమో పాఠకులే యోచింతురు గాక.

లాన్సెట్ పంపినవాడు సామాన్యుడు కాడు. ఆయన డాక్టరు లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు ఉపయోగించునని 1867లో కనిపెట్టినది ఈయనయే. మందుల ప్రభావమును గూర్చి అప్పటి విద్యార్థులందరును చదువు గ్రంథము ఈయన వ్రాసినదే. క్లోరోఫారము గుండెను ఆపి చంపవచ్చునని ఆ గ్రంథమున బోధించినవాడును ఈయనయే. అట్టివాడు ఓడలు రైళ్లు ఎక్కి 1889 అక్టోబరు నాటికి హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటన్, బాంఫర్డు, రుస్తుంజీ అను నలుగురు రెండవ సంఘముగా ఏర్పడిరి. డిసెంబరు వరకు పని జరిగెను. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుఱ్ఱములు మొదలగు 400కు పైగా జంతువులపై పరీక్షలు చేసిరి.

వాటిలో కొన్నింటి రక్తనాళమునకు ఒక గాజుగొట్టమును కూర్చి, అందలి పాదరసము పెరుగుట తరుగుటలను పొగచూరిన కాగితముపై ఒక సూది గీయునట్లు అమర్చిరి. కాగితము తిరుగుచుండగా రక్తపోటు గీతగా కానవచ్చెడిది. క్లోరోఫారము ఇచ్చుకొలది గీత మెల్లగా దిగుచుండెను. ఊపిరి ఆగెడిది. అప్పటికిని గుండె కొట్టుకొనుచునే యుండెడిది. ఆ క్షణమున కృత్రిమముగా ఊపిరి నాడించినచో జంతువు మరల బ్రతికెడిది. ఆలస్యము చేసినచో గుండెయు ఆగెడిది. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును విడిచిపెట్టెను. అపాయమంతయు ఊపిరాడకపోవుటయందును, మందు మితిమీరుటయందును ఉన్నదిగాని, గుండెయందు నేరుగా ఏమియు లేదని లండనునకు తంతి పంపెను. 1890లో నివేదిక లాన్సెట్‌లో వెలువడెను. రక్తపోటు తగ్గుట అపాయకరము కాదనియు, మందు శరీరమున వేగముగా వ్యాపింపకుండ అదియొక రక్షణ యనియు గూడ అందు వ్రాసిరి. ఈ చివరిమాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీని పని ముందున్నది.

హైదరాబాదు పేరు ప్రపంచమున మారుమ్రోగెను. కాని వాదము ముగియలేదు. 1890లోనే స్కాట్లండులో మాక్‌విలియమ్ అను శరీరశాస్త్రజ్ఞుడు, క్లోరోఫారము పీల్చిన జంతువుల గుండె ఉబ్బి బలహీనమగుటను చూపెను. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను ఇరువురు మిక్కిలి నేర్పుగల పరీక్ష చేసిరి. రెండు జంతువుల రక్తనాళములను కలిపి, ఒకదాని మెదడునకు రెండవదాని రక్తము పోవునట్లు ఏర్పరచిరి. ఇప్పుడు మందును మెదడునకు మాత్రమే పంపవచ్చును, లేదా మెదడును విడిచి గుండెకు మాత్రమే పంపవచ్చును. మెదడునకు మాత్రము మందు చేరినపుడు రక్తపోటు పడిపోలేదు. గుండెకు చేరినపుడు పడిపోయెను. కాబట్టి రక్తపోటు తగ్గుటకు కారణము గుండె బలహీనపడుటయే యని వారు తేల్చిరి.

లారీ దీని నంగీకరింపలేదు. ఇచ్చట ఆయన స్వభావమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. తాను చూచినదానిని నమ్మువాడు, చూడనిదానిని ఎంతమాత్రము నమ్మనివాడు. ఇది శాస్త్రజ్ఞునికి ఉండవలసిన గుణమే, కాని హద్దు మీరినచో కండ్లకు గంత కట్టినట్లగును. మలేరియా జ్వరమునకు రక్తములోని సూక్ష్మజీవి కారణమని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ కనుగొన్న సంగతిని గూడ లారీ చాలకాలము తిరస్కరించెను. ఆయన నివసించు నగరమునకు జంటనగరమైన సికిందరాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ దోమ కడుపులో ఆ జీవిని పట్టుకొనెను. ఒకే ఊరిలో, ఒకే కాలమున, ఒకే ప్రభుత్వసేవలో నుండిన ఇద్దరు వైద్యులు ఇట్లు ఎదురెదురుగా నిలిచిరి. ఒక వాదమున గెలిచినవానికి రెండవ వాదమున వినయము తక్కువగుట లోకమున చూచుచునే యున్నాము.

1901లో తన అనుభవమునంతయు క్రోడీకరించి క్లోరోఫారమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, ఆయన హైదరాబాదును విడిచి స్వదేశమునకు పోయెను. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజు ఆసుపత్రి 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదలో నాశనమయ్యెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి దాని స్థానమున తరువాత వెలసినదే.

ఆయన జీవించియుండగనే తీర్పు వచ్చెను. 1911లో గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు పిల్లులపై చేసిన పరీక్షలలో ఒక వింతను కనిపెట్టెను. క్లోరోఫారము నిండుగా ఇచ్చిన పిల్లులకంటె, కొంచెముగా ఇచ్చిన పిల్లులే అకస్మాత్తుగా చచ్చుచుండెను. సగము మత్తులో నున్నపుడు భయముచేతనో, బాధచేతనో శరీరమున అడ్రినలిను అను రసము పొంగును. క్లోరోఫారము సోకిన గుండె ఆ రసము తగిలినంతనే క్రమము తప్పి, కొట్టుకొనుట మాని, పురుగుల కుప్పవలె వణకును. ఒక్క నిమిషములో అంతయు ముగియును. అపుడు ఊపిరి చివరి వరకు ఆడుచుండవచ్చును. హానా గ్రీనర్ వంటి భయపడిన పిల్లలు, చిన్నపనికై కొద్ది మందు పుచ్చుకొన్నవారు ఎందుకు చచ్చిరో అప్పటికి తెలియవచ్చెను. లండనువారు చూచినది కల్ల కాదు.

మరి హైదరాబాదు పరీక్షలలో ఇది యేల కనబడలేదు? మందు నిండుగా, ఎడతెగక, మితిమీరి ఇచ్చిన పరీక్షలవి. మితిమీరిన క్లోరోఫారము మెదడు అడుగుభాగమున ఊపిరిని నడపు కేంద్రమును స్తంభింపజేయును. అందుచే ఊపిరియే ముందాగును. వారు చూచినదియు కల్ల కాదు. వారు చూచినది ఒక మరణవిధము. హానా గ్రీనర్‌ది మరియొక మరణవిధము. లారీ పొరపాటు పరీక్షలో లేదు, ఆ పరీక్షనుండి అన్ని మరణములకును ఒకే సూత్రము కట్టుటలో ఉన్నది. ఇందు మరియొక విచిత్రము గలదు. రోగి పూర్తిగా తెలివి తప్పువరకు మందు ఆపరాదు, అంతవరకు కత్తి పెట్టరాదు అను సైమ్ నియమమును లారీ కఠినముగా పాటించుటవలన, లీవీ చెప్పిన ఆ సగము మత్తు ప్రమాదమునుండి ఆయన రోగులు తమకు తెలియకయే తప్పించుకొనియుందురు. సిద్ధాంతము తప్పినను చేతిపని రోగిని కాచినది. లారీ 1915లో మరణించెను.

క్లోరోఫారము ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమునకు ఆసుపత్రులనుండి తొలగిపోయెను. 1956లో హాలోథేను, తరువాత ఐసోఫ్లూరేను, సీవోఫ్లూరేను అను పీల్చు మందులు వచ్చినవి. నేడు మత్తువైద్యుడు ఊపిరిని, గుండెను, రక్తపోటును, రక్తములోని ప్రాణవాయువును ఒక్కసారిగా యంత్రముల తెరలపై చూచుచుండును. వ్రేలు ఎచ్చట నుంచవలెనను తగవు తీరిపోయినది. కాని లారీ నివేదికలోని ఆ చివరిమాట, అనగా రక్తపోటు తగ్గుట హానికరము కాదను మాట, నేడు మెదడును గూర్చిన కొత్త ప్రశ్నలో మరల తలయెత్తినది.

మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే యైనను, శరీరము వాడు ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్లను తానే వాడుకొనును. మెదడులో ఒక రక్తనాళము గడ్డకట్టిన నెత్తురుచే మూసికొనిపోయినచో, ఆ నాళముపై నాధారపడిన భాగపు నడిమి కణములు కొద్ది నిమిషములలో చచ్చును. చుట్టునున్న భాగము మాత్రము కొన్నిగంటలు ఆకలితో కొనయూపిరి మీద నుండును. దీనినే మనవారు పక్షవాతమందురు. ఆ కొనయూపిరి భాగమును కాపాడుటకు మార్గమున్నదా యని వైద్యులు వెదకుచుండగా, పీల్చు మత్తుమందులు వారి దృష్టి నాకర్షించినవి. ఈ మందులు మెదడు పనిని తగ్గించును. పని తగ్గినచో ప్రాణవాయువు కోరిక తగ్గును. కరవుకాలమున కూలి పని తగ్గించుకొని పస్తులకు తట్టుకొనువానివలె, మత్తులో నున్న మెదడు కొంత తట్టుకొనవచ్చునని వారి యూహ. ప్రాణవాయువు లేనపుడు కణములు గ్లూటమేటు అను పదార్థమును విచ్చలవిడిగా వెడలగ్రక్కి ప్రక్క కణములను గూడ చంపును. ఈ మందులు దానిని గూడ కొంత అణచునని ప్రయోగశాలలలో కనిపించినది. ఎలుకల మెదడునాళమును మూసి, ఐసోఫ్లూరేను పీల్పించి చూచినపుడు, చచ్చిన భాగము చిన్నదయ్యెను. నాళమును మూయుటకు ముందే కొంతసేపు ఈ మందును పీల్పించి యుంచినను మేలు కానవచ్చెను.

ఇంతవరకు వినువారికి సంతోషము కలుగును. కాని అఫ్జల్‌గంజు కథ నెరిగినవారు ఇచ్చట కొంచెము ఆగుదురు. ఎలుక మనుష్యుడు కాదు. ఎలుక నాళమును మూయువాడు ఏ నిమిషమున మూసెనో యెరుగును. మనుష్యుని పక్షవాతము నిద్రలో వచ్చునో, పొలములో వచ్చునో, ముసలితనము, చక్కెరవ్యాధి, రక్తపోటు వెంటబెట్టుకొని వచ్చునో యెవ్వరెరుగుదురు? అంతేకాక, ఇవే మందులు రక్తపోటును తగ్గించును. లారీ దానిని రక్షణ యనెను. మూసికొన్న నాళము చుట్టునున్న మెదడునకు ప్రక్కదారులవెంట చేరు కొద్దిపాటి నెత్తురే ఆధారము. పోటు తగ్గినచో ఆ కొద్దియు అందదు. కావుననే నేడు తొడనాళముగుండ సన్నని తీగను మెదడు వరకు పంపి గడ్డను లాగివేయు చికిత్సలో, రోగికి పూర్తిగా మత్తు నిచ్చినపుడు వైద్యులు రక్తపోటును పడనీయకుండ కన్నులలో వత్తులు వేసికొని కాచుచుందురు. పోటును చక్కగా నిలిపినచో పూర్తి మత్తువలన కీడు లేదని 2016 మొదలు 2018 వరకు ఐరోపాలో జరిగిన కొన్ని చిన్న పరీక్షలు చూపినవి. కీడు లేదనుట వేరు, మందే మెదడును కాపాడినదనుట వేరు. ఆ రెండవమాటకు మనుష్యులలో ఋజువు ఇంకను దొరకలేదు.

2000వ సంవత్సరమున వెలువడిన ఒక పరిశోధనను చెప్పి విరమించెదను. అమెరికాలో కొందరు వైద్యులు ఎలుకల మెదడునాళమును కొంతసేపు మూసి తెరచిరి. కొన్నిటికి ఆ సమయమున ఐసోఫ్లూరేను ఇచ్చిరి, కొన్నిటిని మెలకువతోనే యుంచిరి. రెండవ దినమున చూచినపుడు మందు పీల్చిన ఎలుకల మెదడులో చచ్చిన భాగము స్పష్టముగా చిన్నదై యుండెను. అంతవరకు వచ్చిన పరిశోధనలలో పెక్కు ఇట్టి తొలిదినముల లెక్కతోనే ముగిసియుండెను. వీరు మాత్రము మరికొన్ని ఎలుకలను పదునాలుగు దినములు ఉంచి చూచిరి. పదునాలుగవ దినమున రెండు గుంపులకును భేదము లేకుండెను. మందు మరణమును ఆపలేదు, ఆలస్యము చేసినది. ఆ ఆలస్యములో మరియొక మందు నిచ్చి మెదడును నిలుపవచ్చునా యని ప్రయోగశాలలలో తరువాత పరీక్షలు సాగినవి.